సాఫల్యం కొలబద్ద ఎవరి చేతిలో ఉంది?

రోజుకు ఐదుసార్లు మన వీధి మస్జిదు నుంచి ఒక పిలుపు వినవస్తుంది. ముందు నమాజు వైపుకు రమ్మంటుంది. ఆ వెంటనే 'ఫలాహ్' వైపుకు, అంటే సాఫల్యం వైపుకు రమ్మంటుంది. చిన్నప్పటి నుంచీ వింటున్న పిలుపు కాబట్టి అది చెవిని తాకి వెళ్లిపోతుందే గాని మనసులోకి దిగదు. కాస్త ఆగి ఆలోచిస్తే అందులోని విశేషం అర్థమవుతుంది. బాగుపడాలంటే దుకాణం తెరిచి కూర్చోవాలి అంటుంది లోకం. బాగుపడాలంటే ఆ దుకాణాన్ని కాసేపు మూసి రావాలి అంటాడు ముఅజ్జిన్. ఇద్దరూ వాడేది ఒకే మాట, కాని అర్థాలు రెండు. మన ఇళ్లలో ఈ రెండర్థాల్లో ఏది చెల్లుబాటవుతోంది? ఈ నెల దీన్ని గురించే కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

అరబీ భాషలో 'ఫలాహ్' అనే పదానికి మూలమైన ధాతువుకు చీల్చడం, నేలను దున్నడం అనే అర్థాలున్నాయి. రైతును అరబ్బులు 'ఫల్లాహ్' అంటారు. తెలివైన రైతు ముందు తన నేలను చూసుకుంటాడు. నల్లరేగడి అయితే పత్తి వేస్తాడు, ఎర్రనేల అయితే వేరుశనగ వేస్తాడు. పక్క చేలో ఏ పంట పచ్చగా ఉందో చూసి విత్తనం ఎంచుకోడు. (ఈ రోజుల్లో పక్కవాడికి మిర్చి కలిసొచ్చిందని తానూ మిర్చి వేసి అప్పులపాలయ్యే రైతులు లేకపోలేదు. మనం చెప్పబోయేది అలాంటి వ్యవసాయం గురించే అనుకోండి.) దున్నడం, విత్తడం, నీరు పెట్టడం మనిషి పని. మొలకెత్తించడం అల్లాహ్ పని. వాఖిఅ సూరాలో అల్లాహ్ మనల్ని అడుగుతున్నది కూడా ఇదే: మీరు విత్తుతున్న దాన్ని పండిస్తున్నది మీరా, మేమా అని. సాఫల్యం అనే మాటలోనే ఇంత పాఠం ఇమిడి ఉంది. నేల ఎవరికి వారిది, శ్రమ ఎవరికి వారిది, ఫలితం మాత్రం ప్రభువు చేతిలో ఉంది.

నలుగురు ఏమంటారు?

ఇక మన ఇళ్లలోని కొలబద్దను చూద్దాం. అబ్బాయి పదో తరగతి గట్టెక్కగానే ఎంపీసీయా, బైపీసీయా అనే రెండు ప్రశ్నలే తప్ప మూడో ప్రశ్న పుట్టదు. ఎంసెట్ అని మనకు అలవాటైన పరీక్ష పేరు ఇప్పుడు ఈఏపీసెట్ అని మారింది గాని, ర్యాంకు కోసం ఇంట్లో పడే ఆందోళన మారలేదు. దుబాయి, రియాద్ వెళ్లినవాడు అక్కడ ఐదు పూటల నమాజు చేసుకుంటున్నాడా, వేళకు తింటున్నాడా అని ఎవరూ అడగరు. నెలకు ఎంత పంపుతున్నాడు, ఎన్ని అంతస్తులు లేపాడు అని అడుగుతారు. పెళ్లికి ఏ ఫంక్షన్ హాలు, ఎన్ని రకాల వంటకాలు, జహేజ్‌లో బండి ఇచ్చారా కారు ఇచ్చారా అన్నది మర్నాటి ముచ్చట. నికాహ్ ఖుత్బాలో ఖాజీగారు ఏం చెప్పారో పెళ్లికొడుక్కే గుర్తుండదు.

చదువును మేము తక్కువ చేయడం లేదు. 2007 నుంచి మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు లభించిన నాలుగు శాతం రిజర్వేషన్ వల్ల ఎంతోమంది పేదింటి పిల్లలు ఇంజినీరింగు, వైద్య కళాశాలల గడప తొక్కారు. ఇది అల్లాహ్ అనుగ్రహం. ఆ చదువు సరిపడిన పిల్లలు తప్పకుండా చదవాలి. మన అభ్యంతరమల్లా, ఒకే గడపను మనిషి విలువకు గుర్తుగా పెట్టి, దాన్ని దాటలేని పిల్లవాణ్ణి పనికిరానివాడిగా చూడటం గురించే.

ఈ చూపు ఎంత దూరం తీసుకుపోతుందో మనకు తెలియనిది కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. వారిలో ఏ మతంవారు ఎందరు అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆత్మహత్య హరామ్ అని మన పిల్లలకు చెప్పాలి, చెబుతున్నాం. కాని అంతటితో మన బాధ్యత తీరిపోదు. ఒక కాగితం మీది అంకెలు చూసుకుని 'అమ్మీ అబ్బాలకు ముఖం ఎలా చూపించాలి' అని పిల్లవాడు అనుకున్నాడంటే, ఆ ఇంట్లో అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా ఏ మాటలు వినిపించి ఉంటాయి? ఆ కొలబద్దను అతని చేతికి ఇచ్చింది ఎవరు?

పైగా ఈ కొలబద్దలో ఉత్తీర్ణులయ్యేవారు లేరు. ర్యాంకు వచ్చినవాడికి ఉద్యోగం అడుగుతారు, ఉద్యోగం వచ్చినవాడికి ఇల్లు అడుగుతారు, ఇల్లు కట్టినవాడికి పక్కింటి మేడ చూపిస్తారు. ఒకరిని మించి ఒకరు పోగు చేసుకోవాలనే ఆరాటం మనుషుల్ని సమాధుల దాకా ఏమరుపాటులో ఉంచేస్తుందని తకాసుర్ సూరా హెచ్చరించింది. ఆ సూరాలో ఎనిమిదే ఆయతులు. చాలామందికి నోటికి వచ్చు.

జనం తీర్పు ఒక రాత్రిలో మారిపోతుంది

ఖసస్ సూరాలో ఖారూన్ వృత్తాంతం ఉంది. అతను మూసా (అ) జాతివాడు. అతని ఖజానాల తాళం చెవులనే బలిష్టులైన ఒక గుంపు మోయలేకపోయేదట. ఒకరోజు అతను సర్వాలంకారాలతో ఊరేగి వచ్చాడు. చూసినవారిలో ప్రాపంచిక జీవితాన్నే కోరేవారు అతన్ని ఎంతో అదృష్టవంతుడని మెచ్చుకున్నారు, తమకూ అలాంటి సంపద ఉంటే ఎంత బాగుండునని నిట్టూర్చారు. జ్ఞానం ప్రసాదించబడినవారు వారిని వారించారు. తర్వాత అల్లాహ్ ఖారూన్‌ను, అతని భవనాన్ని భూమిలో దించేశాడు. అప్పుడు నిన్న అతని స్థానం కోసం ఆశపడిన ఆ మనుషులే, అల్లాహ్ మేలు చేయకపోతే మనమూ భూమిలోకి కుంగిపోయేవాళ్లం కదా అనడం మొదలుపెట్టారు.

ఖారూన్ పతనం గురించి మనం చాలా ప్రసంగాలు విన్నాం. ఇక్కడ చూడవలసింది ఆ జనాన్ని. నిన్న అదృష్టం అన్నదాన్నే ఇవాళ ఆపద అన్నారు. మనుషులు మారలేదు, వారి తీర్పు మాత్రం మారింది. అలాంటి తీర్పు మీద ఆధారపడి పిల్లల భవిష్యత్తును, ఇంటి శాంతిని పణంగా పెట్టడం ఏమి తెలివి?

దైవప్రవక్త (స) తన సహచరులకు ఈ విషయాన్ని కళ్లకు కట్టినట్టు నేర్పారు. సహల్ బిన్ సఅద్ (ర) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. ఒక వ్యక్తి అటుగా వెళుతున్నాడు. ఇతని గురించి మీ అభిప్రాయం ఏమిటని ప్రవక్త (స) అడిగారు. పెళ్లి సంబంధం అడిగితే పిల్లనివ్వదగినవాడు, సిఫారసు చేస్తే మన్నించదగినవాడు, మాట్లాడితే వినదగినవాడు అని చెప్పారు సహచరులు. కాసేపటికి ఒక నిరుపేద ముస్లిం వెళ్లాడు. ఇతని గురించి అడిగితే, సంబంధం అడిగినా ఇవ్వరు, సిఫారసు చేసినా మన్నించరు, మాట్లాడినా వినరు అన్నారు. అప్పుడు ప్రవక్త (స), మొదటి వ్యక్తి లాంటివారితో భూమండలం నిండినా వారందరికంటే ఈ ఒక్కడు మేలైనవాడని చెప్పారు. సహచరులు అబద్ధం చెప్పలేదు. సమాజం ఇద్దరికీ ఇచ్చే విలువను ఉన్నదున్నట్టు చెప్పారు. పెళ్లి, సిఫారసు, మాటకు విలువ, ఈ మూడూ ఇవాళ్టికీ మన బజారులో నడుస్తున్న తూనికరాళ్లే. ప్రవక్త (స) ఆ తూనికరాళ్లనే పక్కకు తీసేశారు.

మస్జిదె నబవీని ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. ఆమె చనిపోతే సహచరులు దైవప్రవక్త (స)కు తెలియజేయకుండానే ఖననం చేశారు. ఆమె సంగతి అంత పెద్ద విషయం కాదనుకున్నారు. కొన్నాళ్లకు ప్రవక్త (స) ఆమె కనిపించలేదేమని అడిగారు. చనిపోయిందని తెలిసి, నాకెందుకు చెప్పలేదని అడిగి, సమాధి ఎక్కడో చూపించమని అక్కడికి వెళ్లి ఆమె కోసం నమాజు చేశారు. ఆమె చేతిలో ఉన్నది చీపురు మాత్రమే.

ఇక దీనికి రెండో వైపు కూడా చూడండి. ప్రళయదినాన మొట్టమొదట తీర్పు చెప్పబడే ముగ్గురి గురించి అబూ హురైరా (ర) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఒకరు యుద్ధంలో ప్రాణాలర్పించినవాడు. ఒకరు ఖుర్ఆన్ నేర్చి, నేర్పిన పండితుడు. ఒకరు ధారాళంగా దానం చేసిన సంపన్నుడు. ఈ లోకంలో ఈ ముగ్గురికీ సభలు చేసి శాలువాలు కప్పుతారు. కాని అక్కడ వారు ఓడిపోతారు. వీరుడు అనిపించుకోవడానికి ఒకడు, పండితుడు అనిపించుకోవడానికి ఒకడు, దాత అనిపించుకోవడానికి ఒకడు ఆ పనులు చేశారు. అలాగే అనిపించుకున్నారు కూడా. అంటే వారి కూలి ఇక్కడే ముట్టింది. ఈ హదీసు ప్రాపంచిక వ్యామోహంలో ఉన్నవారికంటే ధర్మకార్యాల్లో ఉన్న మనలాంటివారినే ఎక్కువ భయపెట్టాలి. నలుగురి మెప్పు అనే కొలబద్ద మస్జిదు లోపలికి కూడా వస్తుంది. జుబ్బా వేసుకుని వస్తుంది, తస్బీహ్ పట్టుకుని వస్తుంది.

హజ్రత్ ముఆవియా (ర) ఒకసారి విశ్వాసుల మాతృమూర్తి ఆయిషా (ర)కు ఉత్తరం రాసి, క్లుప్తంగా ఏదైనా హితవు చెప్పమని కోరారు. ఆమె ప్రవక్త (స) నుంచి విన్న ఒక మాటను రాసి పంపారు. జనం కోపగించినా సరే అల్లాహ్ ప్రసన్నతను కోరేవాడికి జనం సంగతిని అల్లాహ్ చూసుకుంటాడు, అల్లాహ్ కోపగించినా సరే జనం మెప్పు కోరేవాడిని అల్లాహ్ ఆ జనానికే వదిలేస్తాడు అన్నది దాని సారాంశం. జనానికే వదిలేయడం ఎంత పెద్ద శిక్షో, పెళ్లి ఖర్చులకు వడ్డీకి అప్పు తెచ్చి, విందు తిన్నవారిలో ఒక్కరూ వాయిదా కట్టడానికి రాక, ఒంటరిగా మిగిలిన తండ్రిని అడిగితే చెబుతాడు.

నా ఇష్టమే నా సాఫల్యమా?

ఇంతవరకు చదివిన యువతీ యువకులకు ఒక ఆలోచన రావచ్చు: జనం మాట పట్టించుకోనక్కర్లేదు, నాకు నచ్చినట్టు నేను బతుకుతాను, నా సాఫల్యానికి అర్థం నేనే చెప్పుకుంటాను అని. ఇప్పుడు ఎటు చూసినా ఇదే ఉపదేశం వినిపిస్తోంది. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇది ఆకర్షిస్తుంది. మిగిలిన సగం మాత్రం ప్రమాదకరం.

జనం బానిసత్వం నుంచి బయటపడి మనోవాంఛల బానిసత్వంలో పడితే, యజమాని మారాడే గాని బానిసత్వం పోలేదు. తన కోరికనే దైవంగా చేసుకున్న మనిషి గురించి ఖుర్ఆన్ ప్రస్తావించింది. కహఫ్ సూరా చివరలో, కర్మల రీత్యా అందరికంటే ఎక్కువ నష్టపోయేవారెవరో అల్లాహ్ తెలియజేశాడు. వారు సోమరులు కారు. జీవితమంతా శ్రమించినవారే. కాని ఆ శ్రమ దారి తప్పింది, తాము చాలా మంచి పని చేస్తున్నామనే భ్రమలోనే వారు ఉండిపోయారు. తన కొలబద్దను తానే తయారు చేసుకున్నవాడికి తన సరుకు ఎప్పుడూ సరితూగినట్టే కనిపిస్తుంది.

కాబట్టి విశ్వాసి దృష్టిలో ఈ ప్రశ్నకు రెండు భాగాలున్నాయి. చేరవలసిన చోటు ఏది అన్నది మనం నిర్ణయించుకునేది కాదు, మన ఇరుగుపొరుగు నిర్ణయించేది అంతకంటే కాదు. నరకం నుంచి తప్పించబడి స్వర్గంలో ప్రవేశం పొందినవాడే సఫలుడని ఆలి ఇమ్రాన్ సూరాలో అల్లాహ్ తేల్చి చెప్పాడు. అక్కడికి వెళ్లే మార్గంలో ఎవరు ఏ బరువు మోయాలి, ఏ పని భుజాన వేసుకోవాలి అన్నది మాత్రం అల్లాహ్ ఎవరికి ఇచ్చిన స్వభావాన్ని, శక్తిని బట్టి వారికి వేరుగా ఉంటుంది. ప్రతి మనిషీ తన తీరును బట్టే పని చేస్తాడని ఇస్రా సూరాలో ఉంది. ఎవరు దేనికోసం సృష్టించబడ్డారో దానికి అనువైన మార్గం వారికి సులభం చేయబడుతుందని దైవప్రవక్త (స) కూడా చెప్పారు. 'నీవు నీలాగే ఉండు' అనే మాటకు ఇస్లాంలో చోటు ఉందంటే అది ఇక్కడే ఉంది. హలాల్, హరామ్‌ల సరిహద్దు లోపల ఉంది, విశాలంగా ఉంది.

ఒక్కొక్కరికి ఒక్కో ద్వారం

ఎంత విశాలమో చూడాలంటే ప్రవక్త సహచరుల జీవితాలను చూడాలి. వారందరి విశ్వాసం ఒక్కటే. స్వభావాలు మాత్రం ఒకరి దానికి ఒకరిది పోలిక లేదు.

అజాన్ సంగతే తీసుకోండి. మదీనాలో నమాజు వేళను జనానికి ఎలా తెలియజేయాలని ఆలోచిస్తున్న రోజుల్లో, అబ్దుల్లాహ్ బిన్ జైద్ (ర) అనే అన్సారీ సహాబీకి కల వచ్చింది. ఆ కలలో ఒక వ్యక్తి ఆయనకు అజాన్ పదాలు నేర్పాడు. ఆయన వచ్చి చెబితే దైవప్రవక్త (స) అది నిజమైన స్వప్నమని ధ్రువీకరించి, ఆ పదాలను బిలాల్ (ర)కు నేర్పమన్నారు. బిలాల్ స్వరం ఎక్కువ బాగా వినిపించే స్వరం కాబట్టి ఆయన పిలుస్తారని చెప్పారు. అబ్దుల్లాహ్ (ర) పక్కన నిలబడి ఒక్కో పదం అందిస్తుంటే బిలాల్ (ర) గొంతెత్తి పలికారు. ఇవాళ ప్రపంచంలో ఏ ముస్లిం పిల్లవాణ్ణి అడిగినా బిలాల్ (ర) పేరు చెబుతాడు. అబ్దుల్లాహ్ బిన్ జైద్ (ర) పేరు ఎందరికి తెలుసు? కల తనది, గొంతు మరొకరిది అని ఆయన చిన్నబుచ్చుకోలేదు. మన కమిటీల్లో అయితే ఈ ఒక్క విషయం మీద రెండు వర్గాలు ఏర్పడి ఉండేవి.

అబూజర్ గిఫారీ (ర) తనకు ఏదైనా అధికార బాధ్యత అప్పగించమని దైవప్రవక్త (స)ను అడిగారు. ప్రవక్త (స) ఆయన భుజం తట్టి, నీవు ఈ విషయంలో బలహీనుడివి, ఇది అమానత్, దాని హక్కు నెరవేర్చలేనివాడికి ప్రళయదినాన అవమానం, పశ్చాత్తాపం మిగులుతాయని నచ్చజెప్పారు. తన కోసం తాను ఏది కోరుకుంటారో ఆయన కోసం కూడా అదే కోరుకుంటున్నానని, ఇద్దరి మీద కూడా నాయకత్వం తీసుకోవద్దని, అనాథ ఆస్తిని నిర్వహించే పని పెట్టుకోవద్దని మరో ఉల్లేఖనంలో ఉంది. అదే అబూజర్ (ర) గురించి, ఆకాశం కింద ఆయనకంటే సత్యసంధుడు లేడన్న అర్థంలో ప్రవక్త (స) మెచ్చుకున్నారు. ఒకే మనిషి. పాలనకు సరిపోడు, సత్యం పలకడంలో సాటిలేడు. ప్రవక్త (స) ఆయనలోని లోటును దాచలేదు, ఆ లోటు వల్ల ఆయన విలువను తగ్గించనూ లేదు. తల్లిదండ్రులుగా మనం చేయలేకపోతున్నది ఈ రెండు పనులూ ఒకేసారి చేయడం. ముద్దు చేస్తే లోపమే లేదంటాం, కోపం వస్తే గుణమే లేదంటాం.

జైద్ బిన్ సాబిత్ (ర) హిజ్రత్ నాటికి పదకొండేళ్ల పిల్లవాడు. బద్ర్ యుద్ధానికి ఉత్సాహంగా బయలుదేరితే చిన్నవాడని తిప్పి పంపారని చరిత్రకారులు రాశారు. కత్తి పట్టే అదృష్టం ఆ రోజు దక్కలేదు. కాని ఆ పిల్లవాడి జ్ఞాపకశక్తిని, చురుకుదనాన్ని దైవప్రవక్త (స) గమనించారు. యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించారు. పక్షం రోజులు తిరగకముందే నేర్చుకున్నానని జైద్ (ర) చెప్పుకున్నారు. యమామా యుద్ధంలో ఎందరో ఖుర్ఆన్ హాఫిజులు అమరులైన తర్వాత, ఖుర్ఆన్‌ను ఒకచోట చేర్చే బృహత్కార్యాన్ని హజ్రత్ అబూబకర్ (ర) ఈ యువకుడికే అప్పగించారు. ఒక కొండను కదిలించమన్నా నాకు ఇంతకంటే తేలికగా ఉండేదని జైద్ (ర) అన్నారట. అయినా ఖర్జూరపు మట్టల మీద, పలుచని రాళ్ల మీద, మనుషుల గుండెల్లో ఉన్న వాక్యాలన్నిటినీ సేకరించారు. ఈ రోజు మన చేతిలో ఉన్న ఖుర్ఆన్ ప్రతికి ఆ కృషితో సంబంధం ఉంది. బద్ర్ నుంచి వెనక్కి వచ్చిన పిల్లవాణ్ణి ఆ ఒక్క రోజుతో కొలిచి ఉంటే?

స్వర్గానికి వేర్వేరు ద్వారాలున్నాయని, నమాజు ప్రియులను నమాజు ద్వారం నుంచి, ఉపవాసులను రయ్యాన్ ద్వారం నుంచి, దానశీలురను దానం ద్వారం నుంచి పిలుస్తారని హదీసులో ఉంది. అన్ని ద్వారాల నుంచీ పిలవబడేవారు ఎవరైనా ఉంటారా అని అబూబకర్ (ర) అడిగితే, ఉంటారని, వారిలో మీరు ఒకరు కాగలరని ఆశిస్తున్నానని దైవప్రవక్త (స) అన్నారు. అందరూ అబూబకర్ కాలేరు. విధులన్నీ అందరికీ సమానమే, వాటిలో మినహాయింపు లేదు. వాటికి మించి ఎవరి మనసు ఎటు తెరుచుకుంటుందో అటు వారికి ఒక ద్వారం ఉంది.

ఇమామ్ మాలిక్ (రహ్మ) ఈ విషయాన్ని చక్కగా చెప్పారు. ఆయన కాలంలో ఒక తపస్వి, బోధన తగ్గించి ఏకాంత ఆరాధనలో గడపమని ఆయనకు సలహా రాశాడు. అల్లాహ్ ఉపాధిని పంచినట్లే కర్మలను కూడా పంచాడు, ఒకరికి నమాజులో మార్గం తెరిస్తే ఉపవాసంలో తెరవకపోవచ్చు, మరొకరికి దానంలో తెరవవచ్చు, విద్యను వ్యాపింపజేయడం కూడా ఉత్తమ సత్కార్యమే, నాకు తెరవబడిన దానితో నేను సంతృప్తిగా ఉన్నాను, మనమిద్దరం మేలు మీదనే ఉన్నామని ఆశిస్తున్నాను అనే అర్థంలో ఇమామ్ జవాబిచ్చారు. తన మార్గాన్ని వదులుకోలేదు, అవతలివాడి మార్గాన్ని కించపరచనూ లేదు.

మన గడ్డ మీద పుట్టిన ఒక ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. 1908లో హైదరాబాదులో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, జర్మనీలోని బాన్‌లో, ఆపైన పారిస్‌లో డాక్టరేట్లు సాధించారు. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తర్వాత ఆయన పారిస్‌లోనే శరణార్థిగా ఉండిపోయారు. సొంత ఇల్లు లేదు, సంసారం లేదు. మన కొలబద్దతో చూస్తే ఇంత చదివీ ఏం బావుకున్నాడు అంటారు. ఆ నిరాడంబర జీవితంలోనే ఆయన ఖుర్ఆన్‌ను ఫ్రెంచి భాషలోకి అనువదించారు. అది 1959లో వెలువడింది. అబూ హురైరా (ర) శిష్యుడైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ హదీసు సంపుటి ప్రాచీన ప్రతులను వెతికి పట్టుకుని ప్రచురించారు. హదీసులు తొలి కాలంలోనే రాతలోకి వచ్చాయనడానికి అది బలమైన ఆధారం. ఒక ప్రభుత్వం ఇచ్చిన పెద్ద బహుమతి సొమ్మును ఆయన ఒక పరిశోధనా సంస్థకే ఇచ్చేశారు. 2002లో అమెరికాలో కన్నుమూశారు. అందరూ ఆయనలా ఒంటరిగా బతకాలని చెప్పడం లేదు. వివాహం ప్రవక్త (స) సంప్రదాయం. తనకు తెరవబడిన ద్వారం ఏదో తెలుసుకున్న మనిషికి మిగతా ద్వారాల ముందు నిలబడి ఏడ్చే అవసరం రాదని చెప్పడానికే ఆయన ప్రస్తావన తెచ్చాం.

మన ఇంట్లో ఏం చేద్దాం?

చేతిపని విషయంలో మన మనసుల్లో ఒక చిన్నచూపు పాతుకుపోయింది. మెకానిక్ షెడ్డు, కుట్టుమిషను, వడ్రంగం, దూది ఏకి పరుపులు కుట్టడం, ఇవన్నీ మన తాత తండ్రులు హలాల్ అన్నం తిన్న వృత్తులు. ఇప్పుడు వాటి పేరు చెప్పుకోవడానికి పిల్లలు సిగ్గుపడుతున్నారు. పెళ్లి చూపుల్లో 'సొంత వ్యాపారం' అని మాట తిప్పుతున్నారు. తన చేతి సంపాదన కంటే మేలైన ఆహారం ఎవరూ తినలేదని, దావూద్ (అ) తన చేతి కష్టం మీదే తినేవారని హదీసు చెబుతోంది. జకరియ్యా (అ) వడ్రంగి అని మరో హదీసులో ఉంది. ప్రవక్తలకు లేని నామోషీ మనకెందుకు?

పిల్లలూ ఒక మాట గుర్తుంచుకోవాలి. నా దారి నాది అంటూ తల్లిదండ్రుల మనసు గాయపరచడం స్వేచ్ఛ కాదు. వారి భయానికి కారణం ఉంది. పేదరికాన్ని వారు చూశారు, మీరు చూడకూడదని కోరుకుంటున్నారు. ఏదైనా వేరే దారి ఎంచుకోదలిస్తే ముందు రెండు రకాతులు చదివి ఇస్తిఖారా దుఆ చేయండి. తర్వాత ఆ రంగంలో పని చేస్తున్న ఒక పెద్దమనిషిని కలిసి అందులోని కష్టనష్టాలు తెలుసుకోండి. అబ్బా అడిగే మొదటి ప్రశ్న సంపాదన గురించే ఉంటుంది, దానికి జవాబు సిద్ధం చేసుకునే ఆయన ముందు కూర్చోండి. చదవడం ఇష్టం లేక ఎంచుకునే దారికి, స్వభావానికి సరిపడి ఎంచుకునే దారికి తేడా మీకు తెలుసు, అల్లాహ్‌కు అంతకంటే బాగా తెలుసు.

ఆడపిల్లల విషయంలో మనం ఈ ప్రశ్నే వేయం. వారికి పెళ్లి ఒక్కటే ర్యాంకు. ఆయిషా (ర) నుంచి రెండు వేలకు పైగా హదీసులు మనకు చేరాయి. పెద్ద పెద్ద సహచరులు సందేహాలు తీర్చుకోవడానికి ఆమె వద్దకు వచ్చేవారు. ఇంట్లో ఉన్న అమ్మాయికి ఖుర్ఆన్ పట్ల, చదువు పట్ల, బోధన పట్ల ఆసక్తి ఉంటే, దాన్ని పెళ్లి కుదిరేదాకా కాలక్షేపంగా చూడకండి. ఇంటి పని, పిల్లల పెంపకంలోనే తృప్తి పొందే అమ్మాయి ఉంటే ఆమెను చదువుకున్న వదినతో పోల్చి కుంగదీయకండి.

ఇక తల్లిదండ్రులకు ఒక విన్నపం. పరీక్షా ఫలితాలు వచ్చే రోజు బంధువులు వరసగా ఫోన్లు చేస్తారు. మార్కులు ఎన్ని, ర్యాంకు ఎంత అని అడుగుతారు. ఆ ఫోన్లు పిల్లవాడి ఎదుట మాట్లాడకండి. అసర్ వేళ కాగానే అతన్ని వెంటబెట్టుకుని మస్జిదుకు నడిచి వెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు భుజం మీద చేయి వేసి, తర్వాత ఏం చేద్దామనుకుంటున్నావు బేటా అని అడగండి. అతను చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి. ఇల్లు వచ్చేసినా అతని మాట ముగియకపోతే, వీధి చివరిదాకా ఇంకోసారి నడవండి.